విడి సామానుతో ఇంట్లో కంప్యూటరు: ఏవి కొనాలి? ఎంతకు కొనాలి?



కంప్యూటరు గురించి మనం చిన్న తరగతుల్లోనే చదివాం. ఇన్‌పుట్, ప్రాసెస్, అవుట్‌పుట్ అని మూడు డబ్బాలు గీసి మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ పెట్టెలోని సామాను విడివిడిగా కొని ఇంట్లోనే బిగించుకోవచ్చని, దానికి లెక్క ఎట్టా కట్టాలో మన పాఠాల్లో లేదు. అందుకని ఈ వ్యాసం రాస్తున్నాను. 2025 మే నెల సెలవుల్లో నేనూ, అన్నా, నాయనా విజయవాడ గవర్నరుపేటలో మూడు షాపులు తిరిగాం. రేట్లన్నీ నేను నోటుబుక్కులో రాశాను. ఇందులో ఉన్న రేట్లు ఆ నోటుబుక్కులోవే. కాబట్టి అవి 2025 మే నెల రేట్లు అని గుర్తుంచుకోండి. తేదీ లేని రేటు రేటు కాదు. అది ఎందుకో చివర్లో చెప్తాను.

1. ముందు పని, తర్వాత డబ్బు, ఆ తర్వాతే వస్తువు

షాపులోకి పోగానే “ఏది మంచిది?” అని అడగకూడదు. మంచిది అంటే ఖరీదైనది చూపిస్తారు. “మాకు ఈ పని ఉంది, ఇంత డబ్బు ఉంది” అని చెప్పాలి.

మా పని ఏమిటంటే, అన్న ఐ.టి.ఐ.లో కోపా ట్రేడు చదివాడు. కోపా అంటే కంప్యూటరు ఆపరేటరు పని నేర్పే ఏడాది కోర్సు. మాది అవనిగడ్డ వైపు. మా కాలనీలో అర్జీ రాయించుకోవాలన్నా, ఫారం నింపించుకోవాలన్నా, ఒక కాగితం ప్రింటు తీయించుకోవాలన్నా ఆటో ఎక్కి పోవాలి. ఆ రోజు కూలి పోతుంది. అందుకని కాలనీలోనే కంప్యూటరు పెట్టుకుని టైపింగు, ఫారాలు, ప్రింట్లు చేస్తానని అన్న అన్నాడు. ఆటలు ఆడటానికి కాదు, సినిమాలు ఎడిట్ చెయ్యడానికి కాదు.

మా డబ్బు ఏమిటంటే, అమ్మ పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు 40,000 రూపాయలు. నెలకు 2,000 చొప్పున అసలు, దానిపైన వడ్డీ కట్టాలి. అమ్మ రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. నాయన చేపల చెరువు కాపలా. కంప్యూటరు పని చేసినా చెయ్యకపోయినా సంఘం మీటింగు రోజున వాయిదా కట్టాల్సిందే. పేజీ టైపింగుకు 20 రూపాయలు అనుకుంటే నెలకు 100 పేజీలు టైపు చేస్తేగానీ 2,000 రావు. పది రోజులు కంప్యూటరు రిపేరులో కూర్చుంటే ఆ నెల వాయిదా అమ్మ కూలి డబ్బుల్లోంచి పోవాలి. కాబట్టి మాకు కావలసింది పరుగెత్తే కంప్యూటరు కాదు, ఆగిపోని కంప్యూటరు. ఈ ఒక్క మాట పెట్టుకునే ప్రతి వస్తువూ ఎంచాం.

2. విడి సామానుతో బిగించడం ఎట్టా కుదురుతుంది?

1981లో అమెరికాలోని ఐ.బి.ఎం. కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును మార్కెట్లోకి తెచ్చింది. దాని లోపలి సామాను చాలావరకు బయటి కంపెనీల దగ్గర కొన్నది. ఏ భాగం ఏ భాగానికి ఎట్టా తగులుకుంటుందో పుస్తకంలో అచ్చు వేసి అందరికీ తెలియజేసింది. దాంతో వేరే కంపెనీలు కూడా దానికి సరిపోయే సామాను చెయ్యడం మొదలుపెట్టాయి. 1995లో ఇంటెల్ కంపెనీ ఎ.టి.ఎక్స్. అనే కొలత తెచ్చింది. మదర్‌బోర్డుకు మరలు ఎక్కడ పడాలి, కరెంటు వైరు ఎక్కడ దూరాలి అన్నీ అందులో ఉంటాయి. సైకిలు చక్రం ఒక కంపెనీది, చైను ఒక కంపెనీది అయినా సైజు కుదిరితే నడుస్తుంది కదా, ఇదీ అంతే. కుదరాలి అన్నదే అసలు మాట.

3. ఏ భాగం ఏ పని చేస్తుంది?

ప్రాసెసరు: ఇది మన హాస్టల్లో వంట మాస్టరు లాంటిది. లెక్కలన్నీ ఇదే చేస్తుంది. ఇంటెల్, ఎ.ఎం.డి. అనే రెండు కంపెనీలవి దొరుకుతాయి.

మదర్‌బోర్డు: వంటగది. అన్ని భాగాలూ దీని మీదే కూర్చుంటాయి.

ర్యామ్: వంట చేసేటప్పుడు సామాను పరుచుకునే బల్ల. బల్ల చిన్నదైతే మాస్టరు ఎంత చురుకైనా పని సాగదు. కరెంటు పోతే బల్ల మీద ఉన్నదంతా మాయమవుతుంది.

ఎస్.ఎస్.డి.: మన ట్రంకుపెట్టె. దాచినవి కరెంటు పోయినా ఉంటాయి. వెనక హార్డ్ డిస్కు వాడేవాళ్ళు. అందులో రేకు తిరుగుతూ ఉంటుంది. ఎస్.ఎస్.డి.లో తిరిగేది ఏమీ లేదు, అందుకే తొందరగా తెరుచుకుంటుంది.

ఎస్.ఎం.పి.ఎస్.: దీన్ని మన డెల్టా వాళ్ళకు చెప్పడం తేలిక. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నీళ్ళు లాకుల గుండా బందరు కాలువలోకి, ఏలూరు కాలువలోకి వెళ్తాయి. కాలువ నుంచి పిల్ల కాలువ, పిల్ల కాలువ నుంచి బోదె, బోదె నుంచి మడి. నది నీళ్ళు నేరుగా మడిలోకి వదిలితే నారు కొట్టుకుపోతుంది. అట్టాగే గోడలో వచ్చే కరెంటు 230 వోల్టులు, అదీ ఎ.సి. కంప్యూటరు లోపలికి కావలసింది 12, 5, 3.3 వోల్టుల డి.సి. ఈ మార్పు చేసే లాకు పేరే ఎస్.ఎం.పి.ఎస్.

క్యాబినెట్ అంటే వీటన్నిటినీ పెట్టే పెట్టె. మానిటరు, కీబోర్డు, మౌసు అందరికీ తెలిసినవే. యు.పి.ఎస్. గురించి కింద రాశాను.

4. మా మొదటి లెక్క

మూడు షాపుల్లో మాకు కుదిరిన రేట్లు ఇవి (జి.ఎస్.టి. కలిపి):

ప్రాసెసరు, ఇంటెల్ ఐ3-12100 ........ 9,600
మదర్‌బోర్డు, హెచ్610 ........ 5,900
ర్యామ్, 8 జి.బి. డి.డి.ఆర్.4 ........ 1,700
ఎస్.ఎస్.డి., 512 జి.బి. ........ 3,000
క్యాబినెట్ ........ 1,600
ఎస్.ఎం.పి.ఎస్., 450 వాట్లు ........ 2,300
మానిటరు, 22 అంగుళాలు ........ 6,600
కీబోర్డు, మౌసు ........ 800
యు.పి.ఎస్., 600 వి.ఎ. ........ 2,600
మొత్తం ........ 34,100

ప్రింటరు లేకుండా అన్న పని నడవదు. ఇంకు ట్యాంకు ప్రింటరు 11,000. అప్పుడు మొత్తం 45,100 అయింది. మా దగ్గర ఉన్నది 40,000. అంటే 5,100 తగ్గించాలి. ఎక్కడ తగ్గించాలి? ఈ వ్యాసంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే.

5. షాపులో మూడు సలహాలు, వాటికి జవాబులు

మొదటి సలహా: “ఐ5 పాత సెట్టు ఉంది తమ్ముడూ, 14,000కి ఇస్తాం. ఐ3 ఎందుకు?” అని ఒక షాపులో అన్నారు. ఐదు మూడు కన్నా పెద్దదే కదా అని నాయన కూడా అన్నాడు. కానీ ఆ పేరు పక్కన ఉన్న అంకె చదవాలి. ఆ పాతది ఐ5-4570. గీత తర్వాత మొదటి అంకె 4, అంటే నాలుగో తరం. అది 2013లో వచ్చింది. మా లిస్టులో ఉన్నది ఐ3-12100. గీత తర్వాత 12, అంటే పన్నెండో తరం, 2022లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం గానీ, ఆపైది గానీ ఉండాలని ఆ కంపెనీ నిబంధన. విండోస్ 10కు మామూలుగా ఇచ్చే భద్రతా మార్పులు 2025 అక్టోబరు 14తో ఆపేస్తామని అప్పటికే చెప్పారు, అట్టాగే ఆపారు. కాలనీ వాళ్ళ ఆధార్ నంబర్లు, బ్యాంకు కాగితాలు టైపు చేసే చోట భద్రత లేని విండోస్ పెట్టకూడదు. అయితే ఒక మాట. నేర్చుకోవడానికి మాత్రమే అయితే అట్టాంటి పాత సెట్టులో ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుని హాయిగా వాడుకోవచ్చు. పాతది చెడ్డదని కాదు, మా పనికి చాలదు.

రెండో సలహా: ఇంకో షాపులో అదే ప్రాసెసరు మిగతా వాళ్ళ కన్నా దాదాపు 2,000 తక్కువ చెప్పారు. అన్న కాగితం తీసుకుని చూశాడు. ఐ3-12100ఎఫ్ అని ఉంది. చివర ఒక్క ‘ఎఫ్’ అక్షరం. ఎఫ్ ఉంటే ఆ ప్రాసెసరులో బొమ్మ చూపించే భాగం ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి. కొనకపోతే మానిటరు నల్లగానే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుకు మిగిలిన 2,000 కన్నా ఎక్కువే అవుతుంది. ఆటలాడే వాళ్ళు ఎట్టాగూ కార్డు కొంటారు గనక వాళ్ళకు ఎఫ్ లాభం. మాకు నష్టం. స్పెల్లింగులో ఒక్క అక్షరం పోతే మనకు అర మార్కు పోతుంది. ఇక్కడ వేలు పోతాయి.

మూడో సలహా: “క్యాబినెట్‌తో పాటు ఎస్.ఎం.పి.ఎస్. ఫ్రీ. ఆ 2,300 మిగులుతుంది, యు.పి.ఎస్. కూడా తీసెయ్యండి” అన్నారు. రెండూ కలిపితే 4,900. మాకు తగ్గాల్సిన డబ్బు దాదాపు తీరిపోతుంది. నిజం చెప్పాలంటే నాయనకు ఇది నచ్చింది. కానీ ఇక్కడే అన్న ఒక సూత్రం చెప్పాడు. నేను దాన్ని నోటుబుక్కులో గీత గీసి రాసుకున్నాను.

“పోతే అదొక్కటే పోయే వస్తువు పాతదైనా, చవకదైనా కొనొచ్చు. పోతూ పోతూ పక్క వాటిని కూడా తీసుకుపోయే వస్తువు మంచిదే కొనాలి.”

ఎస్.ఎం.పి.ఎస్. పాడైతే ఎక్కువ వోల్టులు లోపలికి పోయి బోర్డు, ఎస్.ఎస్.డి. అన్నీ కాలొచ్చు. లాకు తెగితే చేలన్నీ మునిగినట్టు. యు.పి.ఎస్. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ టైపు చేసింది పోతుంది. ఒక్కోసారి ఎస్.ఎస్.డి.లో ఫైళ్ళు కూడా చెడతాయి. మా కాలనీలో వానా గాలీ వస్తే కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీలో మా వైపు నుంచి వచ్చినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

6. మేము ఎక్కడ తగ్గించాం?

(అ) మానిటరు: కొత్త 22 అంగుళాలది 6,600 బదులు, వాడిన 19 అంగుళాలది 2,500కి తీసుకున్నాం. మిగిలింది 4,100. మానిటరు పోతే అదొక్కటే పోతుంది, మిగతా వాటికి ఏమీ కాదు.

(ఆ) ఎస్.ఎస్.డి.: 512 జి.బి. బదులు 256 జి.బి. కొత్తదే తీసుకున్నాం, 1,900. మిగిలింది 1,100. అర్జీలు, ఫారాలు చిన్న ఫైళ్ళు, ఎక్కువ జాగా తినవు. ఎస్.ఎస్.డి. వాడినది కొనకూడదు. అది రాసిన కొద్దీ అరిగే వస్తువు.

మొత్తం మిగిలింది 5,200. కాబట్టి 45,100 – 5,200 = 39,900 రూపాయలు. మా దగ్గర 100 మిగిలాయి. బస్సు ఛార్జీలు నాయన విడిగా తెచ్చుకున్నాడు.

మరి విండోస్ ఏది అని అడుగుతారు. విండోస్ ఒరిజినల్‌కు డబ్బు కట్టాలి. దొంగ కాపీ వెయ్యడం చట్టానికి విరుద్ధం, పైగా వైరస్ భయం. అందుకని అన్న ఉబుంటు అనే లినక్స్, లిబ్రె ఆఫీసు వేసుకున్నాడు. రెండూ ఉచితం. యూనికోడ్ తెలుగు రెండింటిలోనూ వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో తెలుగు టైపింగు నేర్చుకున్నాడు. అయితే ప్రింటరు కొనేముందే అది లినక్స్‌తో పనిచేస్తుందా అని అడిగి చూసుకోవాలి. అన్నీ పనిచెయ్యవు.

7. జతలు సరిచూసుకోవడం

వేరే వేరే కంపెనీల సామాను కొనేటప్పుడు ఈ జతలు టిక్కు పెట్టుకోవాలి.

ప్రాసెసరు – బోర్డు: ప్రాసెసరు కూర్చునే గూడును సాకెట్ అంటారు. పన్నెండో తరం ఇంటెల్‌కు ఎల్.జి.ఎ. 1700 సాకెట్. అందులో 1,700 చిన్న పిన్నులు ఉంటాయి, అందుకే ఆ పేరు. అదే సాకెట్ ఉన్న బోర్డు కావాలి.

ర్యామ్ – బోర్డు: డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అని రెండు రకాలు. రెండింటికీ 288 పిన్నులే, కానీ మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది. ఒక దానిలో ఒకటి దూరదు. హెచ్610 బోర్డుల్లో డి.డి.ఆర్.4వి ఉన్నాయి, డి.డి.ఆర్.5వి ఉన్నాయి. పెట్టె మీద చదివి తీసుకోవాలి.

మానిటరు – బోర్డు: పాత మానిటర్లకు కొన్నిటికి వి.జి.ఎ. మాత్రమే ఉంటుంది. బోర్డు వెనక ఆ రంధ్రం ఉందా, లేక హెచ్.డి.ఎం.ఐ. ఒక్కటేనా చూడాలి.

యు.పి.ఎస్. – మొత్తం: 600 వి.ఎ. యు.పి.ఎస్. సుమారు 360 వాట్లు మోస్తుంది. మా కంప్యూటరు, మానిటరు కలిపి సుమారు 100 వాట్లు. కాబట్టి సరిపోతుంది. లేజర్ ప్రింటరు మాత్రం యు.పి.ఎస్.కు తగిలించకూడదు. అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం ఉంటుంది. 450 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. పెడితే 450 వాట్ల కరెంటు కాలుతుందా? కాలదు. 450 అనేది అది మొయ్యగల బరువు. లోపలి సామాను ఎంత అడిగితే అంతే లాగుతుంది, కాస్త వేడి రూపంలో పోతుంది. మన భౌతిక శాస్త్రం లెక్క చేసి చూద్దాం. 100 వాట్లు × 6 గంటలు = 600 వాట్ అవర్లు, అంటే 0.6 యూనిట్. నెలకు 25 రోజులు వాడితే 15 యూనిట్లు.

8. పాత సామాను కొనేటప్పుడు వరద సంగతి

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు మునిగిన సంగతి మనందరికీ తెలుసు. కింద ఇళ్ళలో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. మునిగిన కంప్యూటరును ఎండబెడితే కొన్నాళ్ళు పనిచెయ్యొచ్చు. కానీ బురద నీళ్ళలోని ఉప్పు, మట్టి రేకుల సందుల్లో ఉండిపోయి మెల్లగా తుప్పు పట్టిస్తాయి. కాబట్టి వాడిన వస్తువు ఎక్కడ కొన్నా ఇవి చూడండి: మరల తలల మీద తుప్పు, రంధ్రాల్లో ఎండిన బురద గీత, బోర్డు మీద పచ్చగా గానీ తెల్లగా గానీ పొడి, బూజు వాసన. మానిటరు అయితే తెర అంతా తెల్లగా ఒకసారి, నల్లగా ఒకసారి పెట్టించి చుక్కలు, గీతలు ఉన్నాయేమో చూడండి. పది నిమిషాలు వెలిగించి ఉంచమనండి. మేము అరగంట ఉంచమన్నాం. వాళ్ళు విసుక్కున్నా ఉంచారు.

9. కాగితం చదవడం

ఒక షాపులో కొటేషన్ కాగితం ఇమ్మంటే, “నోటితో చెప్తాను రాసుకోండి” అన్నారు. ఇంకో చోట “బిల్లు వద్దంటే 18 శాతం తగ్గుతుంది” అన్నారు. మా నాయనకు చదవడం రాదు, వేలిముద్ర వేస్తాడు. మన ఇళ్ళల్లో చాలామంది అమ్మానాయనలు అంతే. అందుకే ఈ భాగం శ్రద్ధగా చదవండి.

బిల్లు లేకపోతే వారంటీ లేదు. ఇంటెల్ పెట్టెతో వచ్చే ప్రాసెసరుకు కంపెనీ వారంటీ మూడేళ్ళు. పెట్టె లేకుండా ‘ట్రే’ అని అమ్మే దానికి ఆ కంపెనీ వారంటీ రాదు, షాపు వాళ్ళు ఏది ఇస్తే అదే. బోర్డు, ఎస్.ఎస్.డి., ర్యామ్, ఎస్.ఎం.పి.ఎస్. ఒక్కోదానికి వారంటీ ఒక్కో రకం. ఎన్నేళ్ళో బిల్లు మీదే రాయించుకోవాలి. 9,600 వస్తువు మూడో నెలలో పోతే బిల్లు లేనివాడు మళ్ళీ 9,600 కట్టాలి. 18 శాతం మిగిలిందని సంతోషపడి మొత్తం పోగొట్టుకోవడం అది.

జి.ఎస్.టి. లెక్క: కంప్యూటరు సామానుకు 18 శాతం. అందులో 9 కేంద్రానికి, 9 రాష్ట్రానికి. పన్ను కలిపిన రేటు ఇస్తే అసలు రేటు తెలుసుకోవడానికి 100తో గుణించి 118తో భాగించాలి. మా బోర్డు 5,900 కదా. 5,900 × 100 ÷ 118 = 5,000. పన్ను 900. అది 450, 450గా బిల్లులో ఉండాలి. చాలామంది 5,900లో 18 శాతం తీసి 1,062 అంటారు. అది తప్పు. పన్ను అసలు రేటు మీద వేస్తారు గానీ, కలిపిన రేటు మీద కాదు.

షాపు జి.ఎస్.టి. నంబరు 15 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. మన ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. విజయవాడ షాపు బిల్లు 37తో మొదలవ్వాలి.

ఇక సీరియల్ నంబర్లు. పెట్టె మీద ఉన్న నంబరు, వస్తువు మీద ఉన్న నంబరు, బిల్లులో రాసిన నంబరు మూడూ ఒకటే ఉండాలి. నేను బిల్లు చూసి పైకి చదివాను, అన్న వస్తువు మీద చూశాడు. నాయన డబ్బు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అన్నీ కలిసిన తర్వాతే ఇచ్చాడు.

10. బిగించడంలో జాగ్రత్తలు

షాపులో బిగించే కూలి 500 అడిగారు. అన్నకు పని వచ్చు గనక వద్దన్నాం. కానీ పాడు సామాను ఇంటిదాకా మోసుకుపోకుండా ప్రాసెసరు, ర్యామ్, బోర్డు వరకు అక్కడే ఒకసారి వెలిగించి చూపించమన్నాం.

ఇంటి దగ్గర బల్ల మీద దుప్పటి గానీ, నైలాన్ చీర గానీ వెయ్యకూడదు. వాటి రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు చిప్పులను పాడుచేస్తుంది. వస్తువు ముట్టుకునే ముందు ఇనుప కిటికీ చువ్వ గానీ, క్యాబినెట్ రేకు గానీ పట్టుకోవాలి. సాకెట్‌లో పిన్నులను వేలితో తాకకూడదు. ప్రాసెసరు మూల మీద చిన్న త్రిభుజం గుర్తు, సాకెట్ మూల మీద గుర్తు కలిపి పెట్టాలి, నొక్కకూడదు. బోర్డు కింద ఇత్తడి బుడిపెలు పెట్టి మరలు బిగించాలి. లేకపోతే బోర్డు రేకుకు తగిలి షార్టు అవుతుంది. మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తింగు ఉందో లేదో ముందే చూసుకోవాలి. క్యాబినెట్ వెనక ఖాళీ సందులు రేకులతో మూసెయ్యాలి. మన ఇళ్ళల్లో బల్లులు, చీమలు దూరతాయి. నేల మీద పెట్టకుండా ఎత్తుగా పెట్టాలి. మాది పల్లపు నేల, సముద్రం గాలి. 1977 దివిసీమ ఉప్పెన చూసిన ముసలివాళ్ళు మా కాలనీలో ఏ వస్తువునూ నేల మీద పెట్టనివ్వరు.

11. ఇప్పుడు ఎట్టా ఉంది?

2025 జూన్ నుంచి అన్న పని మొదలుపెట్టాడు. కొన్ని నెలలు 100 పేజీలు దాటాయి, కొన్ని నెలలు దాటలేదు. దాటని నెలల్లో ప్రింట్ల డబ్బు కలిపి వాయిదా కట్టాడు. ఆగస్టులో ఒక రాత్రి కరెంటు ఎక్కువ తక్కువలు వచ్చి పక్కింటి టీవీ కాలిపోయింది. మా యు.పి.ఎస్. కుయ్ కుయ్ మని అరిచింది, అన్న కంప్యూటరు ఆపేశాడు. దానికేమీ కాలేదు. ఆ రోజు నుంచి నాయన యు.పి.ఎస్. డబ్బుల గురించి మాట్లాడటం మానేశాడు.

ఇక రేటుకు తేదీ ఎందుకు రాయాలో చెప్తాను. మే నెలలో 1,700 ఉన్న అదే 8 జి.బి. ర్యామ్‌ను డిసెంబరులో అన్న మళ్ళీ అడిగితే రెండింతలకు మించి చెప్పారట. షాపు వాళ్ళ తప్పు కాదు. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు ఎక్కువగా చేసేవి మూడు కంపెనీలే. దక్షిణ కొరియాలో శామ్‌సంగ్, ఎస్.కె.హైనిక్స్, అమెరికాలో మైక్రాన్. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా సెంటర్లకు చిప్పులు విపరీతంగా కావలసి వచ్చి, 2025 చివరి నెలల్లో అన్ని దేశాల్లోనూ రేట్లు పెరిగాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ కంపెనీ ‘క్రూషియల్’ పేరుతో మనలాంటి మామూలు వాళ్ళకు అమ్మే వ్యాపారం ఆపేస్తామని ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో నిర్ణయం జరిగితే గవర్నరుపేటలో రేటు మారుతుంది. కాబట్టి ఈ వ్యాసం చూసి నా రేట్లతో షాపుకు పోకండి. నా పద్ధతితో పోండి. రేట్లు మీరు ఆ రోజు మూడు షాపుల్లో అడిగి, తేదీ వేసి రాసుకోండి.

అభ్యాసం

1. కీబోర్డు, మౌసు కలిపి పన్నుతో 826 రూపాయలు. అసలు రేటు ఎంత? కేంద్రం పన్ను ఎంత? రాష్ట్రం పన్ను ఎంత?
2. ఐ5-8500 ఎన్నో తరం? విండోస్ 11 నిబంధనకు సరిపోతుందా?
3. 120 వాట్ల కంప్యూటరును రోజుకు 5 గంటలు, నెలకు 30 రోజులు వాడితే ఎన్ని యూనిట్లు?
4. వాడినవి కొనదగినవి ఏవి, కొనకూడనివి ఏవి? మానిటరు, ఎస్.ఎం.పి.ఎస్., కీబోర్డు, ఎస్.ఎస్.డి. కారణం కూడా రాయండి.

జవాబులు కాగితం మీద రాసి గోడపత్రిక పక్కన ఉన్న డబ్బాలో వెయ్యండి. సరైన జవాబులు వచ్చే సంచికలో రాస్తాను.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. పనిచెయ్యని పాత సి.పి.యు. ఏదైనా ఉంటే ఒక ఆదివారం దాని మూత తీసి, ఏ భాగం ఎక్కడుందో ఆరు, ఏడు తరగతుల చెల్లెళ్ళకు చూపిస్తాను. ప్లగ్గు పెట్టము. స్క్రూ డ్రైవరు ఒకటి చాలు.

ఇట్లు,
మీ సహ విద్యార్థిని,
9వ తరగతి.